వార్తలో వ్యక్తిగత వివరాలు: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఎలా తేల్చుకోవాలి

చనిపోయిన వ్యక్తి ఇంటి చిరునామా రాయవచ్చా? నిందితుడి భార్య ఫొటో వాడవచ్చా? సామాజిక మాధ్యమంలో వాళ్లే పెట్టుకున్నారు కదా, తీసుకుంటే తప్పేమిటి? పేరు మార్చాం, ఇంకా ఏం చేయాలి? కొత్తగా విలేకరులైనవాళ్లు, సొంతంగా వార్తా చానళ్లు నడుపుతున్నవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్నలివి. ఒక్కోదానికి విడిగా జవాబు చెప్పుకుంటూ పోతే అంతు ఉండదు. ఏ వివరం ఎదురైనా ఎవరికి వారే తేల్చుకోగలిగే పద్ధతి కావాలి. దాన్నే ఇక్కడ వరుసగా ఇస్తున్నాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ప్రచురించాలా వద్దా అన్న నిర్ణయాన్ని వార్త మొత్తానికి కలిపి ఒకేసారి తీసుకోకూడదు. వివరం వివరానికీ విడిగా తీసుకోవాలి. ‘ఈ వార్త ప్రజలకు అవసరం’ అని తేలినంత మాత్రాన అందులోని ప్రతి పేరూ, ప్రతి వయసూ, ప్రతి వీధీ అవసరమైపోవు. ఇలాంటి వార్తల వల్ల జరిగే హానిలో ఎక్కువ భాగం ఎవరూ పనిగట్టుకుని చేసేది కాదు. అలవాటుగా రాసేసిన ఊరి పేరో, కత్తిరించకుండా వదిలేసిన ఫొటో అంచో చేసేదే.

## 1. పని మొదలుకాకముందే సిద్ధం చేసుకోవలసినవి

చట్టం గీసిన గీతలు. ఇవి చర్చకు తావు లేనివి. భారతదేశంలో లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లలపై లైంగిక నేరాల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్, కేసుల్లో చిక్కుకున్న పిల్లల విషయంలో బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఇదే కట్టడి విధిస్తాయి. పేరు ఒక్కటే కాదు, బాధితురాలు ఎవరో పరోక్షంగానైనా తెలిసేలా చేసే ఆనవాళ్లు కూడా ఇవ్వకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బ్రిటన్‌లో 1992 నాటి చట్టం లైంగిక నేరాల బాధితులకు జీవితాంతం ఈ రక్షణ ఇస్తుంది. మీ దేశంలో ఏ సెక్షన్లు వర్తిస్తాయో ఒక కాగితం మీద రాసి డెస్క్ (వార్తలు దిద్దే విభాగం) దగ్గర అతికించండి. అర్ధరాత్రి వెతుక్కునే వ్యవధి ఉండదు.

అవసరం లేనిది సేకరించకపోవడం. మీ దగ్గర లేని వివరం పొరపాటున కూడా అచ్చు కాదు. గుర్తింపు కార్డు చూసి నిర్ధారించుకుంటే చాలు, దాన్ని ఫొటో తీసుకోనక్కర్లేదు. వైద్య నివేదికలో మీకు కావలసినది ఒక పేజీ అయితే ఆ పేజీ మాత్రమే అడగండి.

నోట్సులో మారు గుర్తులు. సున్నితమైన వార్తకు నోట్సు రాసేటప్పుడు మొదటి రోజు నుంచే ‘మ-1’, ‘మ-2’ అని రాసుకోండి. ఏ గుర్తు ఎవరిదో తెలిపే కాగితం వేరేచోట ఉండాలి. అసలు పేరుతో రాసుకుని చివర్లో మార్చుదామనుకుంటే, మార్చడం మరిచిపోయిన ఒక్క వాక్యం చాలు.

చివరి మాట ఎవరిదో. సందేహం వచ్చినప్పుడు ఎవరిని అడగాలి, రాత్రి షిఫ్టులో ఎవరిని నిద్రలేపాలి అన్నది ముందే తేలాలి. ఒంటరిగా పనిచేసేవాళ్లు, మరో ఊరిలోనో మరో సంస్థలోనో ఉన్న సీనియర్ విలేకరి ఒకరితో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

## 2. వివరాల పట్టిక రాయండి

కాపీ (రాసిన వార్త) మొదటి ప్రతి పూర్తవగానే దాన్ని పక్కన పెట్టి, అందులో మనుషుల గురించి ఉన్న ప్రతి వివరాన్నీ ఒక్కో వరుసలో రాయండి. పేరు, వయసు, ఊరు, ఉద్యోగం, కుటుంబం, జబ్బు, కులం, మతం, ఆదాయం, ఫోను నంబరు, వాహనం నంబరు, ఫొటో, గొంతు అన్నీ. ఒక్కో వివరానికి ఎదురుగా నాలుగు ప్రశ్నలు:

- ఇది మనకు ఎవరు ఇచ్చారు? ఇవ్వడానికి వాళ్లకు హక్కు ఉందా?
- సంబంధిత వ్యక్తి దీన్ని ఎంతమందికి తెలియనిచ్చారు?
- ఇది తీసేస్తే పాఠకుడికి ఏది అర్థం కాకుండా పోతుంది?
- ఇది వస్తే ఎవరికి, ఏ రకమైన హాని జరగవచ్చు?

మూడో ప్రశ్నకు జవాబు ‘ఏమీ లేదు’ అయితే అక్కడే ఆగండి. నాలుగోది చూడనక్కర్లేదు, ఆ వివరం తీసేయండి. ‘వార్తకు నిండుదనం వస్తుంది’ అన్నది జవాబు కిందికి రాదు. నిండుదనం మీ వాక్యాల వల్ల రావాలి, వేరొకరి ఇంటి నంబరు వల్ల కాదు.

నాలుగో ప్రశ్నలో ‘హాని’ అంటే పరువు ఒక్కటే కాదు. ఉద్యోగం పోవడం, ఇల్లు ఖాళీ చేయమనడం, వెంటపడే వ్యక్తికి ఆచూకీ దొరకడం, పిల్లలను బడిలో ఏడిపించడం, ఫోనుకు ఆగకుండా బెదిరింపులు రావడం, ఇంట్లోవాళ్లే దూరం పెట్టడం కూడా హానే. ఏది జరగవచ్చో పేరుపెట్టి రాయండి. ‘ఇబ్బంది కలగవచ్చు’ అని రాసి వదిలేస్తే తూకం వేయడానికి ఏమీ మిగలదు.

## 3. ఆ వివరం ఎవరిదో చూడండి

మంత్రి ఆస్తి వివరాలూ, మంత్రి ఇంట్లో వంటమనిషి జీతం వివరాలూ ఒకటి కావు. ప్రజల సొమ్ముతో, ప్రజల మీద అధికారంతో పనిచేసేవారు ఆ పనికి సంబంధించినంత వరకు జవాబుదారులు. ‘సంబంధించినంత వరకు’ అన్నది మరిచిపోవద్దు. విధులు నిర్వర్తించలేనంత జబ్బు పడిన ముఖ్యమంత్రి ఆరోగ్యం వార్త. ఆయన కూతురి గర్భస్రావం వార్త కాదు.

కష్టమైన కేసులు మధ్యలో ఉన్నవాళ్లవి. తాము కోరుకోకుండానే ఒక సంఘటన వల్ల వెలుగులోకి వచ్చినవాళ్లు: ప్రమాదంలో బతికినవారు, ప్రత్యక్ష సాక్షులు, ఒక వీడియోతో రాత్రికి రాత్రి అందరి నోళ్లలో నానినవారు. వీళ్ల విషయంలో ఆ సంఘటన వరకే వార్త. వాళ్ల గతం వార్త కాదు.

1975 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్‌పై కాల్పులు జరిగినప్పుడు, అక్కడే నిలబడి ఉన్న ఒక మాజీ సైనికుడు దుండగురాలి చేయి పట్టుకుని అడ్డుపడ్డాడు. అతడు స్వలింగ సంపర్కుడని పత్రికలు రాశాయి. ఆ విషయం ప్రచురించవద్దని అతడు కోరాడు. వేరే నగరంలో ఉన్న తల్లిదండ్రులకు ఆ సంగతి పత్రికల ద్వారానే తెలిసింది. ఇంటితో తెగతెంపులయ్యాయి. అతడు వేసిన దావా ఏళ్ల తరబడి నడిచి చివరికి కోర్టులో వీగిపోయింది. చట్టప్రకారం పత్రికలు గెలిచాయి. ఆ వివరం లేకుండా పాఠకుడికి ఏది అర్థం కాకుండా పోయేదో మాత్రం మన పట్టికలోని మూడో ప్రశ్న వేసుకుని చూడండి. అధ్యక్షుడి ప్రాణం ఎలా దక్కిందన్నది పూర్తిగా అర్థమవుతుంది.

పిల్లల విషయంలో ప్రమాణం ఇంకా ఎత్తులో ఉండాలి. బ్రిటన్ పత్రికలు పాటించే ఎడిటర్ల నియమావళి, 16 ఏళ్లలోపు పిల్లల ప్రయోజనాన్ని పక్కన పెట్టాలంటే అసాధారణమైన ప్రజాప్రయోజనం చూపాలంటుంది. తల్లిదండ్రులు ప్రసిద్ధులైనంత మాత్రాన పిల్లలు ప్రజల ఆస్తి కారు.

చిన్న నేరాల్లో నిందితులు మరో వర్గం. అరెస్టు వార్త వస్తుంది. కేసు కొట్టేసిన వార్త చాలాసార్లు రాదు. ఈ కారణంతోనే అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2021లో చిన్న నేరాల క్లుప్త వార్తల్లో నిందితుల పేర్లు ఇవ్వడం మానేసింది. మీరు కేసును చివరిదాకా రాయలేరనుకుంటే మొదట్లో పేరు రాయకండి.

## 4. ‘ఇప్పటికే బయట ఉంది కదా’ అన్న వాదనను విడదీయండి

డెస్క్‌లో ఎక్కువగా వినిపించే వాదన ఇదే. దాన్ని మూడు ముక్కలు చేసి చూడాలి.

ప్రభుత్వ రికార్డులో ఉంది. కార్యాలయానికి వెళ్లి అడిగినవారికి దొరకడం వేరు, లక్షల మంది ముందు పేర్చి పెట్టడం వేరు. 2012 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక దినపత్రిక, రెండు కౌంటీల్లో (మన జిల్లాల లాంటివి) చేతితుపాకీ అనుమతి ఉన్నవారి పేర్లు, చిరునామాలతో మ్యాప్ ప్రచురించింది. అన్నీ చట్టబద్ధంగా అడిగి తీసుకున్న ప్రభుత్వ రికార్డులే. ఎవరింట్లో తుపాకీ ఉంది, ఎవరింట్లో లేదు అన్నది దొంగలకు కూడా తెలిసిపోయిందని, దాక్కుని బతుకుతున్న బాధితుల ఆచూకీ బయటపడిందని జనం మండిపడ్డారు. కోపంతో కొందరు ఆ పత్రిక సిబ్బంది ఇళ్ల చిరునామాలు బయటపెట్టారు. మరుసటి నెలలోనే పత్రిక మ్యాప్ తీసేసింది. ఏ ప్రాంతంలో ఎన్ని అనుమతులు, ఎవరికి ఏ ప్రాతిపదికన ఇస్తున్నారు అన్నది తలుపు నంబర్లు లేకుండానే చెప్పవచ్చు.

సామాజిక మాధ్యమంలో వాళ్లే పెట్టారు. ఎవరి కోసం పెట్టారన్నది చూడండి. వందమంది స్నేహితుల కోసం పెట్టిన పెళ్లి ఫొటోను మరణవార్తలో వాడడానికి అది అనుమతి కాదు. ఖాతా అందరికీ కనిపించేలా ఉన్నా సరే, కుటుంబాన్ని అడగండి.

మిగతావాళ్లు వేసేశారు. వాళ్లు వేయడం వాళ్ల నిర్ణయం. మీరు వేస్తే అది కొత్తగా మరికొందరికి చేరుతుంది, వెతికితే మరో చోట దొరుకుతుంది, వాళ్లు తీసేశాక కూడా మీ దగ్గర మిగులుతుంది.

## 5. సమ్మతి అడిగే పద్ధతి

‘మీ పేరు వేసుకోవచ్చా?’ అని అడిగితే చాలామంది మొహమాటానికి సరేనంటారు. అది సమ్మతి అనిపించుకోదు. ఏమి వస్తుందో, ఎక్కడ వస్తుందో, ఎంతకాలం ఉంటుందో చెప్పాక వచ్చేదే సమ్మతి. ఈ వరుసలో అడగండి:

1. మీరెవరో, ఏ సంస్థకు రాస్తున్నారో, వార్త దేని గురించో చెప్పండి.
2. ఏయే వివరాలు వాడదలచుకున్నారో ఒక్కొక్కటిగా చెప్పండి. పేరుకు ఒప్పుకున్నవారు ఫొటోకు ఒప్పుకోకపోవచ్చు.
3. ఇది ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి ఉంటుందని, పేరుతో వెతికితే దొరుకుతుందని చెప్పండి.
4. ‘మీ యజమాని, మీ బంధువులు, మీతో గొడవ ఉన్నవాళ్లు ఇది చదివితే ఏమవుతుంది?’ అని అడగండి. ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువమంది ఆగి ఆలోచిస్తారు.
5. ఎప్పటిలోగా మనసు మార్చుకోవచ్చో, ఎవరికి ఫోను చేయాలో చెప్పండి.

శోకంలో, షాక్‌లో, ఆస్పత్రి మంచం మీద ఇచ్చిన సమ్మతిని మరుసటి రోజు మళ్లీ అడగండి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి అవసరమే గాని అదే సరిపోదు. హాని జరుగుతుందని మీకు తోస్తే తల్లిదండ్రులు ఒప్పుకున్నా తీసేయాల్సిందే. ఒకరి సమ్మతి మరొకరి వివరాలకు చెల్లదు. తన జబ్బు గురించి చెప్పమన్న మనిషి, అది తన అన్నకూ ఉందని మాటవరసకు అంటే అన్న గురించి రాయకూడదు.

అవినీతి, మోసం లాంటి వార్తల్లో ఎదుటివారి సమ్మతి ఉండదు, అక్కర్లేదు. అక్కడ అవసరమైనది వారి వివరణ. ఏ వ్యక్తిగత వివరం ప్రచురించబోతున్నారో ముందే చెప్పి జవాబుకు తగిన గడువు ఇవ్వండి. ముందే చెబితే సాక్ష్యం మాయమవుతుందనో, సమాచారం ఇచ్చినవారి ప్రాణానికి ముప్పనో గట్టి కారణం ఉంటే తప్ప దీన్ని దాటవేయకూడదు.

## 6. గుర్తింపు దాచడం: పేరు మారిస్తే సరిపోదు

ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

2006లో అమెరికా ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ పరిశోధకుల కోసం సుమారు ఆరున్నర లక్షల మంది తన సెర్చ్ ఇంజిన్‌లో చేసిన దాదాపు రెండు కోట్ల వెతుకులాటలను విడుదల చేసింది. పేర్ల బదులు అంకెలు వేసింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక అంకె వెనుక ఉన్న పెద్దావిడ ఇంటి తలుపు తట్టారు. ఆవిడ వెతికిన ఊరు, ఇంటిపేరు, జబ్బులు కలిపితే మనిషి దొరికింది. అంతకుముందు 2000లో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు జిప్‌కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది), పుట్టిన తేదీ, స్త్రీనా పురుషుడా అన్న మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని ఇతరుల నుంచి వేరుచేసి గుర్తించవచ్చని లెక్కగట్టారు. చిన్న ఊళ్లో మూడు కూడా అక్కర్లేదు.

ఇక కాపీలో ఇది ఎలా కనిపిస్తుందో చూడండి. కింది పేరా నమూనా కోసం రాసింది:

> బాలల గ్రంథాలయంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న 46 ఏళ్ల లక్ష్మి (పేరు మార్చాం), భర్త చనిపోయాక కవల కూతుళ్లతో పాత వంతెన దగ్గరి ఇంట్లో ఉంటున్నారు. ఆందోళన సమస్యకు మందులు వాడుతున్న ఆమె, గత మార్చిలో ఫోను యాప్ ద్వారా అప్పు తీసుకున్నారు. వాయిదా ఒక్కటి తప్పగానే వసూలుదారులు ఆమె ఫోనులోని నంబర్లన్నిటికీ ఆమె దొంగ అంటూ సందేశాలు పంపారు.

పేరు మార్చారు నిజమే. కానీ ఊళ్లో బాలల గ్రంథాలయాలు ఎన్ని ఉంటాయి? అందులో ఇరవై ఏళ్లుగా ఉన్నవారు ఎందరు? కవల కూతుళ్లున్న వితంతువు? మొదటి వాక్యం పూర్తికాకముందే సహోద్యోగులకు మనిషి తెలిసిపోతుంది. రెండో వాక్యంలో ఆమె ఎవరికీ చెప్పని మందుల సంగతి కూడా వాళ్లకు అందుతుంది. వసూలుదారులు చేసిన పని ఏమిటో వార్త చెబుతోంది. ఆ పనిలో మిగిలిపోయిన భాగాన్ని వార్తే పూర్తి చేస్తోంది.

వివరం వివరానికీ మూడో ప్రశ్న వేసి, దిద్దితే ఇలా వస్తుంది:

> నలభై దాటిన ఒక ఉద్యోగిని ఫోను యాప్ ద్వారా అప్పు తీసుకున్నారు. వాయిదా ఒక్కటి తప్పగానే వసూలుదారులు ఆమె ఫోనులోని నంబర్లన్నిటికీ ఆమె దొంగ అంటూ సందేశాలు పంపారు. ఆమె కోరిక మేరకు పేరు, ఇతర ఆనవాళ్లు ఇవ్వడం లేదు.

ఇక్కడ ఏమేం చేశామో గమనించండి. కచ్చితమైన వయసు బదులు దశాబ్దం ఇచ్చాం. ఉద్యోగం, కుటుంబం, ప్రాంతం, జబ్బు, నెల తీసేశాం. లేని ఉద్యోగం, లేని ఊరు మాత్రం కల్పించలేదు. గుర్తింపు దాచడానికి తీసేయవచ్చు, మసకబరచవచ్చు. అబద్ధం రాయకూడదు. రాస్తే ఆ అబద్ధపు వర్ణనకు సరిపోయే మరో అమాయకురాలిని జనం అనుమానిస్తారు. మారుపేరు పెట్టడంలోనూ ఈ ప్రమాదం ఉంది కాబట్టి, కుదిరినచోట పేరే లేకుండా రాయడం నయం.

దిద్దిన కాపీని ముగ్గురి కళ్లతో చదవండి: పక్కింటివారు, సహోద్యోగి, హాని తలపెట్టి సెర్చ్ ఇంజిన్ ముందు కూర్చున్న వ్యక్తి. దారినపోయే అపరిచితుడు గుర్తుపట్టకపోవడం గొప్పేమీ కాదు. బాధితులను బాధపెట్టేది సాధారణంగా వాళ్లను ఎరిగినవాళ్లే.

మరో చిక్కు, రెండు సంస్థల వార్తలు కలిసి మనిషిని పట్టివ్వడం. ఒక పత్రిక నిందితుడి పేరు రాసి బంధుత్వం దాస్తుంది. ఇంకొకటి పేరు దాచి ‘కన్నతండ్రే’ అని రాస్తుంది. రెండూ చదివినవారికి ఆ బిడ్డ ఎవరో తెలిసిపోతుంది. దీన్ని ఆపడానికే బ్రిటన్ నియమావళి ఒకే పద్ధతి ఖాయం చేసింది: పిల్లలపై లైంగిక నేరాల కేసుల్లో పెద్దవారి పేరు ఇవ్వవచ్చు గాని, నిందితుడికీ బిడ్డకూ సంబంధం ఉందని తోచే మాట ఏదీ రాకూడదు. ఇలాంటి వార్త రాసేముందు ఇతరులు ఇప్పటికే ఏమి రాశారో చదివి, మీ వివరాలు వాటితో కలిస్తే ఏమవుతుందో చూడండి.

## 7. ఫొటోలు, వీడియోలు, పత్రాలు

ఫైలు లోపలి సమాచారం. 2012 డిసెంబరులో యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకాఫీ పోలీసులకు దొరకకుండా తిరుగుతుండగా, వెంట ఉన్న వైస్ పత్రిక ఒక ఫొటో పెట్టింది. అందులో మిగిలిపోయిన జీపీఎస్ అంకెలు ఆయన గ్వాటెమాలాలో ఎక్కడున్నారో చెప్పేశాయి. ప్రచురించే ముందు ప్రతి ఫొటో నుంచి ఇలాంటి లోపలి సమాచారం (మెటాడేటా) తొలగించండి. ఫైలు పేరు కూడా మార్చండి. ముఖం బ్లర్ చేసి, ఫైలుకు మాత్రం మనిషి అసలు పేరే ఉంచడం తరచూ జరిగే పొరపాటు.

బ్లర్. పలచగా మసకబరచినా, ముఖాన్ని సుడి తిప్పినా వెనక్కి తేవచ్చు. 2007లో ఇంటర్‌పోల్ వెతుకుతున్న ఒక నేరస్థుడు తన ముఖాన్ని అలా సుడి తిప్పి పెట్టిన ఫొటోలను జర్మనీ పోలీసు నిపుణులు యథాస్థితికి తెచ్చారు. అక్కడ అది న్యాయానికి పనికొచ్చింది. మీ బాధితుల విషయంలో ఎవరికి పనికొస్తుందో ఆలోచించండి. దట్టమైన నల్ల డబ్బా వేయండి, లేదా ముఖం లేని ఫొటో తీయండి.

పత్రాలు. పీడీఎఫ్‌లో వాక్యం మీద నల్ల గీత గీస్తే కింద అక్షరాలు అలాగే ఉండవచ్చు. 2019 జనవరిలో, డొనాల్డ్ ట్రంప్ ఎన్నికల ప్రచారానికి ఒకప్పుడు సారథిగా ఉన్న పాల్ మానఫోర్ట్ న్యాయవాదులు కోర్టుకు ఇచ్చిన పత్రంలో నల్లబడిన భాగాలను కాపీ చేసి వేరేచోట అతికిస్తే మాటలన్నీ కనిపించాయి. నల్లబరిచాక పేజీని బొమ్మగా మార్చి, ఆ బొమ్మనే వాడండి.

గొంతు. స్థాయి మార్చిన గొంతును తిరిగి సరిచేయవచ్చు. ప్రమాదం ఉన్నచోట ఆ మాటలను మరొకరి చేత చదివించి, ఆ సంగతి ప్రేక్షకులకు చెప్పండి.

ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాసిన పోస్టులు. పేరు తీసేసి పోస్టులోని మాటలు యథాతథంగా ఇస్తే, ఆ వాక్యాన్ని వెతికినవారికి ఖాతా దొరుకుతుంది. సారాంశం మీ మాటల్లో రాయండి.

ఫొటో అంచుల్లో చూడవలసినవి:

- ఇంటి నంబరు, నామఫలకం, వాహనం నంబరు
- బడి దుస్తులు, బ్యాడ్జి, గుర్తింపు కార్డు
- కిటికీలోంచి కనిపించే గుడి గోపురం, సెల్ టవర్, బోర్డు
- అద్దంలో, టీవీ తెర మీద ప్రతిబింబం
- మందుల చీటీ, బల్ల మీద ఉత్తరాలు, తెరిచి ఉన్న ఫోను
- వెనుక నిలబడిన, వార్తతో సంబంధం లేని మనుషులు

## 8. ప్రచురణకు ముందు ఆఖరి పరిశీలన

వార్త రాసినవారు తప్ప మరొకరు ఈ పరిశీలన చేయాలి. రాసినవారి కళ్లు తమకు తెలిసిన దాన్ని దాటి చూడలేవు.

- పట్టికలోని ప్రతి వివరానికీ ‘ఉంచాం, ఎందుకంటే’ అని ఒక వాక్యం ఉందా?
- శీర్షిక, ఉపశీర్షిక, ఫొటో కింది వ్యాఖ్య, వీడియో స్క్రోలింగ్ కాపీతో సరిపోతున్నాయా? కాపీలో దాచినది క్యాప్షన్‌లో రావడం మామూలైపోయింది.
- లింకులో అసలు పేరు ఉందా? మొదటి శీర్షికతో తయారైన లింకు, శీర్షిక మార్చినా అలాగే ఉండిపోతుంది.
- ఫోన్లకు వెళ్లే నోటిఫికేషన్‌లో ఏమి ఉంది?
- మరణవార్త అయితే కుటుంబానికి తెలిసిందని నిర్ధారించుకున్నారా?
- ఆత్మహత్య వార్తలో చేసుకున్న విధానం, రాసిన లేఖ లేకుండా చూశారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు రెండూ వద్దంటాయి.
- పేరు దాచుతామని మాట ఇచ్చిన వ్యక్తికి, వారిని వర్ణించే వాక్యాలు చదివి వినిపించారా? వార్త మొత్తం వినిపించనక్కర్లేదు. ఆ వాక్యాలు చాలు. మనకు తట్టని ఆనవాలు వారికి వెంటనే తడుతుంది.

చివరి దానికి డెస్క్‌లో కొందరు అభ్యంతరం చెబుతారు, వార్త ముందే బయటి వారికి చూపడమేమిటని. చూపుతున్నది వారి గురించి వారికి తెలిసిన వాక్యాలనే. ఈ పని దాటవేయడానికి హడావిడి తప్ప సరైన కారణం నాకు కనిపించలేదు.

## 9. తరచూ వినిపించే సాకులు, వాటికి మందు

‘నిజమే కదా రాశాం.’ నిజం కాకపోతే అసలు రాయకూడదు. నిజం కావడం మొదటి మెట్టు. ఆ తర్వాతే అవసరమా అన్న ప్రశ్న.

‘పోలీసులే ఇచ్చారు.’ పోలీసుల ప్రకటనలో బాధితుల పేరు, చిరునామా పొరపాటున వస్తుంటాయి. వాళ్ల తప్పు మీకు రక్షణ కాదు. ప్రకటనను అలాగే అతికించకుండా మొదటి నుంచీ మీరే తిరిగి రాయండి.

‘జనం ఆసక్తిగా చదువుతున్నారు.’ ఆసక్తి వేరు, ప్రయోజనం వేరు. ఈ వివరం తెలిస్తే పాఠకుడు ఏ నిర్ణయం మెరుగ్గా తీసుకోగలడు, ఏ ప్రమాదం తప్పించుకోగలడు, ఎవరిని నిలదీయగలడు అన్నది చెప్పగలిగితేనే ప్రయోజనం.

‘తర్వాత తీసేద్దాం.’ స్క్రీన్‌షాట్‌ను ఎవరూ తీసేయలేరు.

## 10. ప్రచురించాక పొరపాటు తెలిస్తే

మొదటి గంట కీలకం. ఈ వరుస మార్చకండి:

1. వివరాన్ని పేజీలోంచి తీసేయండి. చర్చ తర్వాత.
2. లింకు, ఫొటో ఫైలు, వీడియో, సామాజిక మాధ్యమాల పోస్టులు, ఆడియో, ఈ-పేపర్ ఒక్కొక్కటిగా చూడండి. పాత ఫొటో సర్వర్‌లో మిగిలిపోయి నేరుగా తెరుచుకుంటుందేమో పరీక్షించండి.
3. సెర్చ్ ఇంజిన్‌లో పాత ప్రతి కనిపిస్తుంటే దాన్ని తాజాపరచమని విజ్ఞప్తి పంపండి.
4. మీ వార్తను తీసుకున్న ఇతర సంస్థలకు ఫోను చేయండి. ఈమెయిల్ ఒక్కటే పంపి ఊరుకోవద్దు.
5. సంబంధిత వ్యక్తికి మీరే ముందుగా చెప్పండి. ఏమి వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏమి చేశారు అన్నవి దాచకుండా చెప్పండి. వారికి భద్రత కావాలంటే సహాయం చేయండి.
6. సవరణ రాయండి. అందులో తీసేసిన వివరాన్ని మళ్లీ రాయకండి. ‘ఒక వ్యక్తిని గుర్తించే సమాచారం పొరపాటున వచ్చింది, తొలగించాం’ అంటే చాలు.

పాత వార్తలు తీసేయమని వచ్చే విజ్ఞప్తులు వేరే రకం. అక్కడ పొరపాటు ఉండకపోవచ్చు; కాలం గడిచింది, మనిషి మారాడు, పేరుతో వెతికితే మాత్రం ఆ చిన్న కేసే మొదట వస్తోంది. అమెరికా దినపత్రిక బోస్టన్ గ్లోబ్ 2021లో ఇలాంటి విజ్ఞప్తులను పరిశీలించడానికి ప్రత్యేకంగా ఒక ఏర్పాటు చేసుకుంది. ఉంచడం, తీసేయడం అన్న రెండే దారులు లేవు. కేసు ఫలితం చేర్చవచ్చు. పేరు తీసి వార్త ఉంచవచ్చు. పేజీ ఉంచి, సెర్చ్ ఇంజిన్లకు కనిపించకుండా చేయవచ్చు. స్పెయిన్‌కు చెందిన ఒక వ్యక్తి అప్పుల గురించిన పాత పత్రికా ప్రకటనపై 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు కూడా ఆ దిశలోనే ఉంది: పత్రికలోని ఆ ప్రకటన అలాగే ఉంది, పేరుతో వెతికినప్పుడు గూగుల్ ఫలితాల్లో చూపడం మాత్రం ఆపాలన్నారు.

అధికారంలో ఉన్నవారు, ఎన్నికల్లో నిలబడబోయేవారు, పెద్ద మోసాల్లో శిక్షపడ్డవారు అడిగితే ఈ వెసులుబాటు ఇవ్వనక్కర్లేదు. మిగతావారి విజ్ఞప్తిని ఒక్కరే తేల్చకుండా ముగ్గురు కూర్చుని చదవండి. వచ్చిన తేదీ, తీసుకున్న నిర్ణయం, కారణం ఒక పుస్తకంలో నమోదు చేయండి. జవాబు ఏదైనా రాతపూర్వకంగా, నిర్ణీత గడువులోగా పంపండి. నిరాకరిస్తే ఎందుకో చెప్పి, మళ్లీ ఎప్పుడు అడగవచ్చో కూడా రాయండి.